విజ్ఞానశాస్త్ర బోధన - సాంకేతిక సాధనాలు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తరగతి గదిలో యంత్రమనగానే నేడు కంప్యూటరు, ప్రొజెక్టరు, సెల్‌ఫోను స్ఫురిస్తాయి. ఒకనాడు నల్లబల్ల కూడ కొత్త సాధనమే. పరీక్షనాళిక, అయస్కాంతం, గోడకు వ్రేలాడే పటం తమ తమ కాలాలలో వింతగొలిపినవే. ఏ సాధనానికైనా విలువ కట్టవలసింది దాని కొత్తదనాన్ని బట్టి కాక, విద్యార్థి ఆలోచనను అది ఎంతవరకు మేల్కొల్పిందన్న దానిని బట్టి.

షోలాపూరులో తెలుగువారు తరతరాలుగా నిలద్రొక్కుకోవడానికి ఆధారం మగ్గం. దుప్పటి మీద నెమలిని, పువ్వును తీర్చే జకార్డు మగ్గానికి అట్టలే ఆజ్ఞలు. అట్టలో రంధ్రమున్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మరీ జకార్డు 1804లో రూపొందించిన ఈ పద్ధతిని గమనించిన ఛార్లెస్ బాబేజి, తాను తలపెట్టిన గణనయంత్రానికి రంధ్రాల అట్టలనే వాడదలచాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలెరిత్ యంత్రాలు అటువంటి అట్టలతోనే తేల్చాయి. కంప్యూటరులోని ఒకటి, సున్న అనే భావానికి ఇంతకంటె చేరువైన ఉదాహరణ నేతగాని బిడ్డకు దొరకదు. తాతగారి మగ్గం మీది పాత అట్టను తెప్పించి, కిటికీ వెలుగుకు పట్టి చూపిన ఉపాధ్యాయుడు కంప్యూటరు పాఠాన్ని సగం చెప్పినట్లే.

ఈ దేశంలో సాంకేతిక సాధనం మాతృభాషలోనే పల్లె గడప త్రొక్కిన సందర్భం ఒకటుంది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమైనాయి. అమెరికా నుండి ఏడాదిపాటు ఎరువు తెచ్చుకున్న ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం హిందీ, తెలుగు, కన్నడం, ఒడియా పలుకులను మోసుకొచ్చింది. ఉదయంపూట బడిపిల్లల కోసం విజ్ఞాన పాఠాలు వచ్చేవి. గడువు తీరగానే ఉపగ్రహం మరలిపోయింది. ఆ పాఠాలు చూచి, చుట్టూ దొరికే వస్తువులతో ప్రయోగాలు చేయించడం నేర్చుకున్న ఉపాధ్యాయులు మాత్రం మిగిలారు. యంత్రం వస్తుంది, పోతుంది. ఉపాధ్యాయుని నేర్పు బడిలోనే నిలుస్తుంది. 2004లో విద్య కోసమే ప్రయోగించిన ఎడ్యుశాట్, 2017లో ఆరంభమైన దీక్షా వేదిక ఈ బాటలోని తరువాతి మజిలీలు.

మరి తరగతిలో యంత్రాన్ని ఎక్కడ వాడాలి? లోలకం పాఠాన్ని తీసుకుందాం. దారానికి రాయి కట్టి విద్యార్థులే ఊపాలి. ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని వారే లెక్కించాలి. మీటరు పొడవున్న లోలకానికి ఒక్కొక్క డోలనానికి దాదాపు 2 సెకన్లు పడుతుందని, పొడవు నాలుగు రెట్లయితే కాలం రెండు రెట్లవుతుందని వారి చేతులే వారికి చెప్పాలి. ఇంతవరకు తెర అవసరం లేదు. "ఇదే లోలకం చంద్రుని మీద ఎట్లా ఊగుతుంది?" అని ఒక బాలిక అడిగిందనుకోండి. అప్పుడు కంప్యూటరు తెరవాలి. కొలరాడో విశ్వవిద్యాలయం 2002లో ఆరంభించిన ఫెట్ నమూనాలలో గురుత్వాన్ని మార్చి చూపవచ్చు. చంద్రుని ఆకర్షణ భూమి ఆకర్షణలో ఆరవ వంతు కనుక, డోలనకాలం సుమారు రెండున్నర రెట్లవుతుంది. ముందు విద్యార్థి అంచనా వ్రాసుకోవాలి, తరువాతనే మీట నొక్కాలి.

అదేవిధంగా టి.వి. రిమోట్ నుండి వెలువడే పరారుణ కిరణాలు కంటికి కనబడవు. అనేక సెల్‌ఫోను కెమెరాలలో అవి మినుకుమినుకుమంటూ కనబడతాయి. కన్ను గ్రహించలేని వెలుగు కూడ ఉన్నదని బాలునికి ఆ క్షణంలో బోధపడుతుంది. ఉల్లిపొరలోని కణాలను చూడడానికి మను ప్రకాశ్ బృందం రూపొందించిన కాగితపు సూక్ష్మదర్శిని చాలు. చేతితో చేయగలిగినది చేతితోనే చేయించి, కంటికి అందనిదానికి, దూరమైనదానికి, ప్రమాదకరమైనదానికి యంత్రాన్ని ఆశ్రయించడం ఉత్తమం.

తల్లిదండ్రుల మనస్సులో మరొక శంక ఉన్నది. యంత్రాల భాష ఆంగ్లమైనప్పుడు తెలుగు మాధ్యమపు బిడ్డ వెనుకబడడా అని వారడుగుతున్నారు. ఆ భయం వల్లనే కొందరు బిడ్డలను వేరే బడులకు పంపుతున్నారు. వారిని తప్పుపట్టరాదు, సమాధానం చెప్పాలి. ఈ షోలాపూరు జిల్లాలోనే పరితేవాడి జిల్లా పరిషత్ పాఠశాలలో పనిచేసిన రణజిత్‌సింహ్ డిసలే చేసిన పని చక్కని సమాధానం. పాఠ్యపుస్తకాలు విద్యార్థుల ఇంటి భాషయైన కన్నడంలో లేవని గ్రహించి, ఆయన ఆ భాష నేర్చి, పాఠాలను అనువదించి, పుటలకు క్యు.ఆర్. సంకేతాలు జోడించారు. ఫోను చూపగానే పాఠం మాతృభాషలో పలికింది. 2020లో ఆయనకు పది లక్షల డాలర్ల ప్రపంచ ఉపాధ్యాయ బహుమతి లభించగా, అందులో సగాన్ని తుది పోటీలో నిలిచిన తొమ్మండుగురికి పంచారు. కన్నడానికి సాధ్యమైనది తెలుగుకు సాధ్యం కాదా?

ఆంగ్ల చిత్రం దొరికితే ఉపాధ్యాయుడు ధ్వని తగ్గించి, తానే తెలుగులో వివరించవచ్చు. గురుత్వాకర్షణ, ఘర్షణ వంటి మాటలు తెలుగు మరాఠీలకు ఉమ్మడి సొత్తు. మనం కిరణజన్య సంయోగక్రియ అనేదాన్ని మరాఠీవారు ప్రకాశ సంశ్లేషణ అంటారు. భావం తెలుగులో నాటుకున్న తరువాత మరాఠీ మాటను, ఆంగ్ల పదాన్ని పక్కన వ్రాయిస్తే, పై చదువులలో బిడ్డ తడబడడు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఫోనున్న ఇంటికి పాఠం చేరింది, లేని ఇంటికి చేరలేదు. ఇంట్లో ఒకే ఫోనుండి, అది తండ్రితో పనికి వెళ్లిపోతే, ఆ బిడ్డకు బడి లేనట్లే అయింది. కనుక యంత్రంతో చేసే పని తరగతి గదిలోనే, అందరి కళ్ల యెదుటనే జరగాలి. ఇంటిపనిని ఫోనుకు ముడిపెట్టరాదు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. కంప్యూటర్లు బహూకరించి, ఛాయాచిత్రం తీయించుకోవడంతో బాధ్యత తీరదు. ముసుగు తీయని కంప్యూటరు, తాళం తెరవని గది ఎవరికీ చదువు చెప్పలేవు. మరమ్మతుకు ఏటా కొంత సొమ్ము, ఉపాధ్యాయునికి సాధన చేసే తీరిక, తెలుగులో విజ్ఞాన పాఠాలు చెప్పి ధ్వనిముద్రణ చేసే ఓపిక కావాలి. వైద్యులైనవారు గుండె గురించి, ఇంజనీర్లైనవారు వంతెన గురించి, మగ్గం నడిపేవారు జకార్డు గురించి పది నిమిషాలు తెలుగులో చెప్పి ఈ బడికి ఇవ్వగలిగితే, అంతకు మించిన జూబిలీ కానుక లేదు.

ఈ పాఠశాల 75 సంవత్సరాలుగా తెలుగులో ప్రశ్నించడం నేర్పింది. రాబోయే యంత్రాలు కూడ ఆ ప్రశ్నలకే సేవ చేయుగాక.