సహాయానికి వెళ్లినవారికి సహాయం ఎవరు చేస్తారు?

(కమ్మర్‌పల్లి పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే చోట ఈ విషయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లలు, మనవలు ఈనాడు నర్సులుగా, పోలీసులుగా, పంచాయతీ కార్యదర్శులుగా, కరెంటు లైన్‌మెన్‌గా పనిచేస్తున్నారు. వరద వచ్చినా, రోగం వచ్చినా ముందుగా డ్యూటీ పడేది వాళ్లకే. కాబట్టి ఇది మన ఇంటి విషయమే.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమ మీద విరుచుకుపడిన తుఫాను సంగతి మన వయసు వారందరికీ తెలుసు. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేలాదిమంది ఒక్క రాత్రిలో పోయారు. దేశం నలుమూలల నుంచి బియ్యం, బట్టలు, విరాళాలు వచ్చాయి. స్వచ్ఛంద సేవకులు వచ్చారు. బతికినవారికి అన్నం పెట్టారు, ఇండ్లు కట్టించారు. అదంతా చరిత్రలో రాసి ఉంది. కాని శవాలను తీసినవారు, పోయినవారి జాబితాలు రాసినవారు తర్వాత ఎట్లా బతికారన్నది ఎవరూ రాయలేదు.

అట్లాంటివారిలో ఒకాయన నాకు తెలుసు. ఆ రోజుల్లో అక్కడ గుమాస్తాగా పనిచేసి, తర్వాత భార్య ఉద్యోగ రీత్యా మన జిల్లాకు బదిలీ మీద వచ్చాడు. నా పక్క సీటే. ఆయన చేసిన పని పెద్ద సాహసమేమీ కాదు. ఊరూరా తిరిగి పోయినవారి పేరు, తండ్రి పేరు, వయసు కాగితం మీద ఎక్కించడం. చెప్పడానికి ఇంటికొకరైనా మిగలని చోట పక్కింటివాళ్లను అడిగి రాయడం. నెలల తరబడి అదే పని.

మా దగ్గరికి వచ్చాక కూడా గట్టిగా వాన పడితే ఆయన సీటులో కూర్చోలేకపోయేవాడు. వరండాలోకి పోయి నిలబడేవాడు. నవంబరు వచ్చిందంటే రాత్రులు నిద్ర ఉండేది కాదు. పొద్దున ఆలస్యం, దాని మీద మెమో. తర్వాత మందు అలవాటైంది. జీతం లేని సెలవులు మొదలైనవి. ఆ సెలవులతో ఇంక్రిమెంట్లు వెనక్కి పోయాయి. చివరి జీతం తగ్గితే పెన్షన్ ఎంత తగ్గుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఆయన పోయిన తర్వాత భార్యకు వస్తున్న ఫ్యామిలీ పెన్షన్‌లో కూడా ఆ కోత ఉన్నది. సర్వీసు రిజిస్టరులో మాత్రం ఆయనను గురించి ఉన్న మాట 'హాజరు సక్రమంగా లేదు' అని. దివిసీమ మాట అందులో ఎక్కడా లేదు.

ఇది ఆయన బలహీనత కాదు. ఘోరమైనవి చూసిన మనిషికి ఆ దృశ్యాలు మళ్లీ మళ్లీ గుర్తుకు రావడం, నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం ఒక జబ్బు. దానికి పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టి అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ జబ్బుల పట్టికలో చేర్చింది 1980లో. అంటే దివిసీమకు పోయినవారు తిరిగి వచ్చిన నాటికి ఆ పేరు కూడా లేదు.

తర్వాత కొంత మార్పు వచ్చింది. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత అక్కడి డాక్టర్లకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, అంతర్జాతీయ సేవాసంస్థలు కలిసి మార్గదర్శకాలు తయారుచేశాయి. అందులో బాధితులకే కాదు, సహాయం చేసే సిబ్బందికి, వాలంటీర్లకు ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. పంపే ముందు అక్కడి పరిస్థితి చెప్పి సిద్ధం చేయాలి, పని గంటలకు హద్దు ఉండాలి, తిరిగి వచ్చిన తర్వాత కూడా ఆదుకోవాలి అని దాని సారాంశం. కష్టమైన దేశాల్లో పనిచేసే ఐక్యరాజ్యసమితి ఉద్యోగులకు కొన్ని వారాలకొకసారి విశ్రాంతి సెలవు కూడా ఉంటుంది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సైతం విపత్తులలో మానసిక ఆసరా గురించి 2009లో మార్గదర్శకాలు వెలువరించింది.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, నడిచిన రోజులు మనకు గుర్తున్నాయి. క్రషింగ్ సీజన్ అయిపోగానే మిషన్లు విప్పి, శుభ్రం చేసి, అరిగిన భాగాలు మార్చేవారు. మళ్లీ సీజన్ వరకు అదే పని. ఇనుముకు ఇచ్చిన ఆ విరామం మనిషికి ఎందుకు ఇవ్వకూడదు? టి.ఏ. బిల్లులో ప్రయాణానికి కాలమ్ ఉంది, బసకు కాలమ్ ఉంది. మనసుకు మాత్రం ఏ కాలమూ లేదు.

2020, 2021 కరోనా కాలంలో అయినవాళ్లే ముట్టుకోవడానికి జంకిన శవాలను మున్సిపల్ కార్మికులు, 108 సిబ్బంది మోశారు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు, 2025 ఆగస్టులో మన పక్కనున్న కామారెడ్డి జిల్లా మునిగినప్పుడు నీళ్లలో దిగినవారు కూడా మనలాంటి కుటుంబాల పిల్లలే. శాలువాలు కప్పాము, చప్పట్లు కొట్టాము. నెల గడిచిన తర్వాత 'నిద్ర పడుతున్నదా బిడ్డా?' అని ఎంతమందిమి అడిగినాము?

అందరికీ జబ్బు రాదు. విశ్రాంతి, ఇంటి అన్నం, తన వాళ్ల తోడు ఉంటే చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. ఇంట్లో మనం చేయగలిగినవి చెబుతాను.

ఒకటి: జరిగినదంతా చెప్పమని బలవంతపెట్టవద్దు. వెంటనే మొత్తం చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటున్నది. మన ప్రాంతంలో గల్ఫ్ పోయి వచ్చినవారు లేని వాడ లేదు. దిగిన నాడే 'ఎంత తెచ్చినవ్?' అంటే ఆ మనిషి ఎట్లా ముడుచుకుంటాడో చూసినవాళ్లమే. 'ఎన్ని శవాలు చూసినవ్?' అన్న ప్రశ్న అంతకన్న చెడ్డది. తానుగా చెబితే మాత్రం అడ్డు తగలకుండా వినాలి.

రెండు: 'మగవాడివి, ధైర్యంగా ఉండు' అనవద్దు. ఆడపిల్లకైతే 'ఉద్యోగం మానెయ్' అనవద్దు.

మూడు: నెల దాటినా నిద్ర లేకపోవడం, అకారణ కోపం, మందు ఎక్కువ కావడం, ఎవరితో కలవకపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టేది లేదు. ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

చివరగా మన సంఘానికి రెండు మనవులు. సహాయక చర్యలకు పోయి వచ్చిన ఉద్యోగికి కొన్ని రోజుల విశ్రాంతిని డ్యూటీగానే పరిగణించాలని, సొంత సి.ఎల్. ఖర్చు కాకుండా చూడాలని ప్రభుత్వానికి తీర్మానం పంపుదాం. అట్లాగే మన ఊళ్లలో ఎవరైనా అటువంటి డ్యూటీ చేసి వస్తే, మనలో ఇద్దరు పెద్దలు వారింటికి వెళ్లి ఒక గంట కూర్చుందాం. మనకు సర్కారు ఇచ్చిన పెన్షన్‌తో పాటు కావలసినంత తీరిక ఉన్నది. దానికి ఇంతకన్న మంచి ఖర్చు నాకు కనపడడం లేదు.