గని విడిచినవారి వైద్యము

మా గ్రామమున నొక కుటుంబమువారు ఆస్తి పంచుకొనునప్పుడు నేను సాక్షిగా కూర్చుంటిని. ఆ యింట వితంతువైన పినతల్లి యొకతె యుండెను. ఆమెకు ఏటేట పది బస్తాల ధాన్యము కొలిచెదమని అన్నదమ్ములు నిండు మనస్సుతోనే చెప్పిరి. పత్రము వ్రాయుచున్న వృద్ధుడు కలము నిలిపి, "బాగున్నది నాయనా, ఏ చేనిమీద వ్రాయమందురు?" అని యడిగెను. "మా మాటమీద నమ్మకము లేదా తాతా?" అని పెద్దవాడు కోపగించుకొనెను. ఆయన మారుపలుకక ఊరకుండెను. తుదకు కాలువక్రింది పొలముమీద మనోవర్తి వ్రాయబడెను. ఎనిమిదేండ్లకు ఆ పొలము చేతులు మారినది. కొన్నవాడును ఆమెకు ధాన్యము కొలుచుచునే వచ్చెను.

అమెరికా దేశమునందలి బొగ్గుగనులలో పనిచేసి విరమించిన వృద్ధులకు వైద్యసహాయ మెట్లు లభించినదో, ఎట్లు పోబోయి నిలిచినదో చదువుచున్నప్పుడు ఆ తాత ప్రశ్నయే నాకు పలుమారు జ్ఞప్తికి వచ్చినది. పెద్దలారా, నేడు ఆ సంగతి మీకు విన్నవించుకొందును.

బొగ్గు త్రవ్వువాని ఊపిరితిత్తులలో ధూళి దిగి పేరుకొనును. పని మానినను ఆ జబ్బు మానదు, పైపెచ్చు ముదురును. కావున వానికి వైద్యము మిక్కిలి అవసరమగు కాలము, కూలి ఆగిపోయిన తరువాతనే వచ్చును. పూర్వము అక్కడి గనుల యజమానులు కూలిలో కొంత పట్టుకొని, వైద్యుని తామే నియమించెడివారు. పని పోయిననాడు వైద్యుడును దూరమయ్యెడివాడు.

1946 ఏప్రిలు 1వ తేదీన గని కార్మికులు సమ్మె కట్టిరి. దేశాధ్యక్షుడు ట్రూమన్ మే నెలలో గనులను ప్రభుత్వపు స్వాధీనములోనికి తీసికొనెను. మే 29న మంత్రి క్రుగ్ గారికిని, కార్మికసంఘాధ్యక్షుడు జాన్ లూయిస్ గారికిని ఒడంబడిక కుదిరెను. తీసిన ప్రతి టన్ను బొగ్గుకును 5 సెంట్లు ఒక సంక్షేమనిధికి చెల్లవలెనని అందు వ్రాసికొనిరి. (సెంటు అనగా మన భూమికొలత కాదు, డాలరులో నూరవవంతు.) రుసుమును మనిషిమీద గాక బొగ్గుమీద వ్రాయించుటలోనే లూయిస్ గారి తెలివి యున్నదని నా యభిప్రాయము. 1952 నాటికది 40 సెంట్లయ్యెను. 1956లో ఆ నిధివారు కెంటకీ, వర్జీనియా, పశ్చిమ వర్జీనియా కొండలలో పది ఆసుపత్రులను తెరచిరి.

అయితే బొగ్గు తీయుట తగ్గిన నిధియు తగ్గును గదా! చమురు వచ్చి బొగ్గును వెనుకకు నెట్టినది. రుసుము చెల్లింపని గనులలోనివారి వైద్యపు చీటీలు రద్దయినవి. ఆసుపత్రులు సయితము 1960 తరువాత కొలది యేండ్లలోనే పరహస్తగతమయ్యెను.

ఇక న్యాయస్థానముల మాట. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఒక గాజుపరిశ్రమ వ్యాజ్యములో, పని విరమించినవాడు కార్మికచట్టము ప్రకారము 'కార్మికుడు' కాడని తీర్పుచెప్పెను. అనగా అతని వైద్యమునుగూర్చి బేరమాడి తీరవలెనని యజమానిని నిర్బంధింప వీలులేదు. 1974లో వచ్చిన చట్టము పింఛనుకు గట్టి రక్షణ కల్పించినది గాని, వైద్యసహాయమునకు అట్టి రక్షణ కల్పింపలేదు. కావున ముదుసలికి మిగిలిన దిక్కొక్కటే. పనిలోనున్న పడుచువారు, పని ఆపగల బలము గలవారు, తమ ఒడంబడికలో వానికొఱకుకూడ ఒక వాక్యము వ్రాయించి, దానిని విడువకుండవలెను. తమ కూలిలో రావలసిన పెంపును కొంత వదలుకొనియైనను అట్లు చేయవలెను. సామూహిక బేరమునందు ఇంతకంటె కష్టమైన పని మరియొకటి లేదు.

వర్జీనియాలో పిట్‌స్టన్ అను గనుల కంపెనీ యుండెను. 1988 జనవరితో ఒడంబడిక గడువు తీరినది. వెంటనే ఆ కంపెనీ సుమారు 1,500 మంది విశ్రాంత కార్మికులకును, వితంతువులకును, అంగవికలులకును వైద్యసహాయము నిలిపివేసెను. పనిలోనున్నవారు తొందరపడలేదు. పదునాలుగు నెలలు ఒడంబడిక లేకయే పనిచేయుచు, మాటలాడుచు వచ్చిరి. 1989 ఏప్రిలు 5న సమ్మె కట్టిరి. వారు అడిగినవానిలో ముఖ్యమైనది తమది కాదు, తమ తండ్రులది! స్త్రీలు కొందరు కంపెనీ కార్యాలయములో ప్రవేశించి కూర్చుండి, పేరడిగినవారికి "మదర్ జోన్స్ కూతురము" అని మాత్రమే చెప్పిరి. మదర్ జోన్స్ పూర్వము గని కార్మికులకొఱకు పోరాడిన వృద్ధురాలు. సెప్టెంబరులో 98 మంది గని పనివారును, ఒక క్రైస్తవ బోధకుడును బొగ్గు శుద్ధిచేయు కర్మాగారములోనికి పోయి నాలుగు దినములు వెలికి రాలేదు. న్యాయస్థానములు సంఘముమీద కోట్లకొలది డాలర్ల జరిమానాలు విధించినవి. వానిలో 5 కోట్ల 20 లక్షల డాలర్ల మేర 1994లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. 1990 ఫిబ్రవరిలో కార్మికులు క్రొత్త ఒడంబడిక నంగీకరించిరి. ముసలివారి వైద్యము తిరిగి వచ్చినది.

ఒక కంపెనీతో ముడి విడిపోయినను, మూతపడిన గనులవారి గతి యేమి? దీనినిగూర్చి నియమింపబడిన సంఘము విచారించిన పిమ్మట 1992లో చట్టము వచ్చినది. పూర్వము ఒడంబడికపై చేవ్రాలు చేసిన కంపెనీలును, వాని సంబంధుల సంస్థలును, తమ వృద్ధుల ఖర్చు తామే భరింపవలెనని అది శాసించెను. యజమాని లేకపోయినవారిని 'అనాథ'లని పిలిచి, వారికొఱకు వేఱొక నిధినుండి వడ్డీ కేటాయించిరి. మా తాత అడిగిన చేను ఇదియేగదా అనుకొంటిని. కాని ఆ చేనికిని గట్టు కలదు: 1994 సెప్టెంబరుకు పిమ్మట విరమించినవారికి ఆ చట్టము వర్తింపదు.

వారికి ఒడంబడికయే ఆధారము. 2007లో ఒక పెద్ద సంస్థ తన గనులు కొన్నింటిని విడదీసి పేట్రియాట్ అను క్రొత్త కంపెనీగా నిలిపెను. వృద్ధుల భారము దానిమీదికి పోయినది. 2012లో ఆ కంపెనీ దివాలా దాఖలు చేసెను. మరుసటి యేట న్యాయస్థానము వైద్యపు బాధ్యతనుండి తొలగుటకు దానికి అనుమతి నిచ్చెను.

పశ్చిమ వర్జీనియాలోనే మరియొక కర్మాగారపు వృద్ధుల వ్యాజ్యమున 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ చెప్పిన మాట మన కౌలుపత్రముల న్యాయమువంటిదే. ఒడంబడికలో జీవితాంతమని లేనిచో, మౌనమును జీవితాంతమని చదువరాదు; గడువు తీరిన పత్రముతో పాటు అందలి వాగ్దానమును సాధారణముగ తీరును. కఠినముగ తోచును గాని, వ్రాయనిదానిని కోర్టు ఎట్లు చదువును? నాటినుండి సంఘములు 'గడువు' అను మాటను మునుపటికంటె జాగరూకతతో చూడవలసివచ్చినది.

మన తెలంగాణమునందలి సింగరేణిలో విరమించిన పనివారికి గల వైద్యపథకమును జాతీయ బొగ్గు వేతన ఒప్పందపు చర్చలనుండి పుట్టినదే. అందు కార్మికుడును సంస్థయు చందా కట్టుదురు. ఆ చర్చలకు కూర్చుండువారును పనిలోనున్నవారి సంఘములే.

పేట్రియాట్ మొదలగు దివాలా కంపెనీల వృద్ధులు మాత్రము ఊరకుండలేదు. సంఘముతో కలిసి ఏండ్లతరబడి రాజధాని వాషింగ్టనుకు పోయి శాసనసభ్యుల వాకిండ్ల నిలుచుండిరి. తాత్కాలికముగ నెలల లెక్కన పొడిగింపులు పొందిరి. 2017 మే నెలలో 22,000 మందికి పైబడిన విశ్రాంత కార్మికులకును, వారి కుటుంబములవారికిని వైద్యసహాయమును శాశ్వతముగ నిలుపుచు శాసనసభ చట్టము చేసినది.