బలపపు రాతిలో మంచుసీమ మృగములు



పిల్లలు పలకపై వ్రాయు బలపము మెత్తని రాతినుండి కోసినదే. అట్టి రాతినే ఆధారముగా జేసికొని బ్రదికిన జాతి యొకటి కెనడా ఉత్తరభాగమున కలదు. వారిని పూర్వము పరులు ఎస్కిమోలనిరి. వారు తమను ఇనూయిట్లని చెప్పుకొందురు. ఆ మాటకు 'మనుష్యులు' అని అర్థము.

చెట్టు మొలవని ఆ సీమలో వంటచెరకు లేదు. అందుచే వారు బలపపు రాతిని తొలిచి ప్రమిదలు చేసి, సీలు క్రొవ్వు పోసి, నాచువత్తితో వెలిగించెడివారు. వెలుగు, వంట, వెచ్చదనము సర్వము ఆ దీపమువలననే. దానిని కాపాడుట ఇల్లాలి బాధ్యత.

సీలు నీటిలో నున్నను ఊపిరికై పైకి రావలసిన ప్రాణి. చలికాలమున సముద్రము గడ్డకట్టగా, అది మంచులో రంధ్రములు నిలుపుకొనును. ఆ రంధ్రముకడ వేటగాడు గంటల తరబడి కదలక కాచుకొనును. తెల్లని ఎలుగుబంటియు అట్లే పొంచియుండును. ఇట్లు ప్రాణముల కొరకై చూచిన చూపే శిల్పి చేతిలోనికి దిగినది. ఏలయన నాటి శిల్పులు పెక్కురు వేటగాండ్రే. పౌటా సైలా చెక్కిన ఎలుగుబంటి తన భారీ దేహమును ఒంటికాలిపై నిలిపి నాట్యమాడును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము తెల్లనక్క తోళ్ల ధర పడిపోయి, వారి జీవనము దుర్భరమయ్యెను. 1948లో జేమ్స్ హ్యూస్టన్ అను చిత్రకారుడు హడ్సన్ అఖాతపు తీరమునగల ఇనుక్జువాక్‌కు పోయి వారి చిన్న బొమ్మలను చూచి ముగ్ధుడయ్యెను. 1949లో మాంట్రియల్ నగరమున అమ్మకమునకు పెట్టిన బొమ్మలు మూడు దినములలో చెల్లిపోయినవి. 1959లో, నేడు కింగ్నాయిట్ అనబడు కేప్ డార్సెట్ గ్రామస్థులు సహకారసంఘము స్థాపించుకొనిరి. అచ్చటి ఆకుపచ్చని సర్పెంటైన్ రాయి బలపపు రాతికంటె గట్టిది. శిల్పులు దానిని చెక్కి, ఆకురాయితో రాచి నునుపు చేయుదురు. చేతిపని అన్నము పెట్టినది.

నేడు వేరొక ఆపద వచ్చినది. భూతాపము పెరిగి సముద్రముపై మంచు తరుగుచున్నది. మంచు లేనిచో ఎలుగుబంటికి సీలు దొరకదు. వేటగానికి దారి దొరకదు. బొమ్మను అద్దాలపెట్టెలో భద్రపరుపవచ్చును. కాని ఆ బొమ్మకు ప్రాణమిచ్చిన చూపును పెట్టెలో దాచుట అసాధ్యము. అది గడ్డకట్టిన సముద్రముపై, తండ్రి ప్రక్క నిలిచి, కుమారుడు నేర్వవలసిన విద్య.