మోటారు సైకిలు: కూర్చుండు తీరు, కనబడు తీరు

(వార్షికోత్సవమున తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల సభలో మా పాఠశాల ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియో, మాతృభాషలో చదువవలసిన ఆవశ్యకమును గూర్చియో మాటలాడుట ఆచారము. మేము నేడు మోటారు సైకిలును గూర్చి మాటలాడదలచితిమి. నవ్వువారు నవ్వవచ్చును. కాని వెలుపల వేపచెట్టు క్రింద నిలిపిన బండ్లను చూచినచో ఈ విషయము మన యింటి విషయమే యని తెలియును. పైగా మన హోసూరు బండ్లు తయారుచేయు ఊరు. 1980లో టి.వి.యస్.-50 మోపెడు వెలువడినది ఇచ్చటి కర్మాగారము నుండియే. బండ్లను చేయుట తెలిసిన ఊరివారమై యుండియు, కొన్న బండిని మన యొడలికి సరిపఱచుకొనుట మాత్రము మనము నేర్చుకొనలేదు. అంగడివాడు ఇచ్చినది ఇచ్చినట్లే పదేండ్లు నడుపుదుము.

మా సంగతియే చెప్పెదము. మా బండి నలుపు, శిరస్త్రాణము నలుపు, చలికాలపు కోటు ముదురు గోధుమ వన్నె. మూడేండ్ల క్రిందట మార్గశిర మాసమున డెంకణికోటలో ఒక పెండ్లి చూచుకొని తిరిగి వచ్చుచుంటిమి. ప్రొద్దు క్రుంకినది, మంచు దిగుచున్నది. ఊరి పొలిమేరలో ప్రక్కదారి నుండి కూరగాయల వ్యాను ఒకటి రోడ్డెక్కి మా ముందుచక్రమును తాకినది. మోచేయి కొట్టుకొనిపోయినది, పంచె చినిగినది, అంతకు మించి భగవంతుడు కాపాడినాడు. డ్రైవరు దిగి పరుగున వచ్చెను. చూడగా మా బడిలో ఎనిమిదవ తరగతి వఱకు చదివినవాడే! “అయ్యవారూ, రెండు ప్రక్కలా చూసే వచ్చినాను. మీరు కనబడనే లేదు” అని కన్నీరు పెట్టుకొనెను. ఆ క్షణమున వానిపై మాకు కోపమే వచ్చినది. రాత్రి నొప్పితో నిద్రపట్టక ఆలోచింపగా, కనబడుటకు మా యందు ఏమున్నదని తోచినది.

ఇది మా యొక్కరి అనుభవము కాదు. అమెరికాలో హారీ హర్ట్ అను పరిశోధకుడు లాస్ ఏంజెలిస్ ప్రాంతమున జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదములను తన బృందముతో స్థలమునకు పోయి పరిశీలించి 1981లో నివేదికను వెలువరించెను. బండి మఱియొక వాహనముతో ఢీకొన్న సందర్భములలో సుమారు మూడింట రెండు వంతులు, ఎదుటి వాహనము బండివాని దారికి అడ్డు వచ్చుట వలన జరిగినవేనట. వారును ఆ డ్రైవరు పలికిన మాటనే పలికిరి. న్యూజీలాండులో ఆక్లండు ప్రాంతమున జరిగిన మఱియొక పరిశోధన 2004లో ప్రకటింపబడినది. కాంతిని తిప్పికొట్టునట్టి లేక మిక్కిలి ప్రకాశించునట్టి దుస్తులు ధరించినవారికి ప్రమాదములో గాయపడు అవకాశము 37 శాతము తక్కువ. నల్లని శిరస్త్రాణము కంటె తెల్లనిది ధరించినవారికి 24 శాతము తక్కువ. మేము మఱునాడే తెల్లనిది కొంటిమి.

తరువాత రేడియం స్టిక్కర్లు. పేరు రేడియమే కాని అందులో రేడియము లేశమైనను లేదు. చిన్న గాజు పూసలో, పట్టక నిర్మాణములో ఉండి, తమపై పడిన కాంతిని వచ్చిన దిక్కునకే త్రిప్పి పంపును. కనుకనే లారీ దీపము పడగానే లారీ డ్రైవరు కంటికి మెఱయును. ముందు తెలుపు, వెనుక ఎఱుపు అంటించుకొనవలయును. దేవుని బొమ్మలను, వీరుల బొమ్మలను అంటించుకొన్నను అభ్యంతరము లేదు గాని, నంబరు పలకను కప్పరాదు.

2017 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమ్ము క్రొత్త ద్విచక్ర వాహనములకు ఇంజను నడచుచున్నంతసేపు ముందు దీపము వెలుగుచుండు ఏర్పాటు తప్పనిసరి యైనది. మొదట్లో దారిన పోవువారందఱును చేయి విప్పి మూసి “లైటు, లైటు” అని సైగ చేయుచుండిరి. పగటి దీపము మనము చూచుటకు కాదు, మనలను చూచుటకు.

ఇక కూర్చుండు తీరు. ఆనాటి ప్రమాదములో మేము దాచిన విషయ మొకటి కలదు. వ్యాను కంటబడిన తరువాత మా వ్రేళ్లు బ్రేకును వెంటనే నొక్కలేదు. పాతిక కిలోమీటర్లు మణికట్టు వంచి నడుపుట వలన అవి తిమ్మిరెక్కి యుండెను. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోవును. అర సెకను జాగైనచో అయిదు మీటర్లు దాటిపోవును. సుఖము విలాసము కాదని అప్పుడు తెలిసినది.

దీనికి ఖర్చు లేదు. బండిపై మామూలుగా కూర్చుండి, పిడులు పట్టుకొని వ్రేళ్లు చాపుడు. ముంజేయి, మణికట్టు, వ్రేళ్లు ఒకే వరుసలో ఉండి లీవరును తాకవలయును. తాకనిచో లీవరు పట్టు యొక్క బోల్టును వదులుచేసి క్రిందికో మీదికో త్రిప్పి మరల బిగింపవలయును. హ్యాండిలును కూడ కొద్దిగా వెనుకకు త్రిప్పవచ్చును. అట్లు చేసినపుడు రెండు ప్రక్కలకు పూర్తిగా మలచి, కేబులు బిగుసుకొనుట లేదనియు, చేయి టాంకును తాకుట లేదనియు చూచుకొనుడు. సీటును మెత్తగా చేయించుట మేలని చాలమంది తలతురు. మేమును అట్లే చేయించితిమి. ఆ మెత్తదనము అరగంటలో అణగిపోయి అడుగు రేకు తగిలినది. కొంచెము గట్టి స్పంజే మేలు. అదియును నేలపై పాదము ఆనకుండునంత ఎత్తు చేయింపరాదు.

వెనుక షాకబ్జర్ల అడుగున మెట్లుగల వలయ మొకటి ఉండును. ఒంటరిగా పోవునపుడు దిగువ మెట్టు, ఇల్లాలిని, బియ్యపు మూటను ఎక్కించుకొన్నపుడు పై మెట్టు. ఇది చేయనిచో వెనుక భాగము క్రుంగి నడుము అదురుటయే కాక, ముందు దీపము పైకెత్తి ఎదుటివాని కన్నులలో పడును. వానికి దారి కనబడదు, మనమును కనబడము. కావున రోజూ ఎక్కువారిని ఎక్కించి, బండిని గోడకు ఎదురుగా నిలిపి, డిమ్ము కాంతి పై అంచు దీపమున్న ఎత్తు కంటె కొంచెము దిగువగా పడునట్లు సవరింపవలయును. అద్దములో మన మోచేయియే కనబడుచున్నచో అద్దపు కాడను వెలుపలికి జరుపవలయును. అద్దములను ఊడదీసి ఇంటిలో పెట్టు పూర్వవిద్యార్థులు కొందఱు ఈ సభలో ఉన్నారు, పేర్లు చెప్పము.

వారే సైలెన్సరును మార్చి వీధి యంతయు మ్రోగింతురు. వినబడినచో కనబడినట్లే యని వారి వాదము. లారీ క్యాబినులో అద్దములెత్తి పాట పెట్టుకొన్నవానికి ఆ మ్రోత ఎట్లు చేరును? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 సవరణ తరువాత అట్టి మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలల వఱకు జైలో, రెండునో విధింపవచ్చును. మేము చెప్పినవి ఉన్న భాగములను సవరించుకొనుట మాత్రమే.

తల్లులకు ఒక మాట. వెనుక కూర్చుండువారికి చేతిపట్టు, పాదము మోపు మెట్టు, చీర చక్రములో పడకుండ అడ్డు ఉండవలయునని 1989 నాటి నిబంధనలే చెప్పుచున్నవి. చూపునకు బాగుండదని కుమారులు ఆ చీర అడ్డును ఊడదీయింతురు. అది మరల బిగించువఱకు మీరు బండి ఎక్కకుడు.

వేపచెట్టు క్రింద మేజాపై స్పానర్లును, ఒక చుట్ట రేడియం పట్టీయును ఉంచితిమి. ఫలహారము ముగిసిన పిమ్మట ఒక్కొక్కరే బండి తెచ్చి దానిపై కూర్చుండుడు, చూతము. ఆనాటి వ్యాను డ్రైవరు కూడ ఈ సభలో ఉన్నాడు. తన తమ్ముని నల్లబండి తెచ్చినాడు. మొదట దానితో ఆరంభింతము.