కట్టెలోని వాయువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో పురాణమో కావ్యమో ప్రసంగింపవలెనని కొందరు మిత్రులు కోరిరి. కాని యిరువది యైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము మనకు నేర్పినది, చదివినదానిని బ్రతుకునకు పనికివచ్చునట్లు చేసికొమ్మనియే. అందువలన నేడు పొయ్యిని గూర్చి మాటలాడ దలచితిని.

అమరకోశమున అగ్నికి పెక్కు పేర్లు గలవు. వానిలో ఒకటి వాయుసఖుడు, అనగా గాలికి చెలికాడు. మరియొకటి ఆశ్రయాశుడు, అనగా తాను ఆశ్రయించినదానినే తినువాడు. ఈ రెండు పేర్లును మన విషయమునకు కావలసినవే.

కట్టె మండుచున్నదని మనమందుము. నిజమునకు మంటగా కనబడునది వేడికి కట్టెనుండి వెలువడు వాయువు. అది పూర్తిగా మండక తప్పించుకొనిపోయినచో దానినే పొగ యందుము. తార్కికులు పొగను చూచి నిప్పు కలదని ఊహింతురు. ఆ పొగ నిప్పు తినక విడిచిన కబళమని కూడ మనము గ్రహింపవలెను. వంటింట మన ఆడువారి కన్నులలోనికిని ఊపిరితిత్తులలోనికిని పోవుచున్నది, వారే మోసి తెచ్చిన కట్టె.

ఆ కబళమును పట్టి పనిచేయించుటయే కట్టెవాయువు యంత్రము ప్రయోజనము. మూతగల ఇనుప పీపాలో ఎండిన కట్టెముక్కలు నింపి, గాలిని కొలతగా మాత్రమే లోనికి విడుతురు. పైభాగమున కట్టెలోని తడి ఆరును. దాని క్రింద కట్టె బొగ్గుగాను ఆవిరులుగాను విడిపోవును. గాలి తగులుచోట వేయి డిగ్రీలకు మించిన వేడి పుట్టును. అడుగున ఎర్రని బొగ్గులగుండా పోవునపుడు బొగ్గుపులుసు వాయువును, నీటి యావిరియు మండెడి వాయువులుగా మారును. ఇట్లు వచ్చినదానిలో సుమారు సగము మండని నత్రజని. మండువానిలో కార్బన్ మోనాక్సైడు, ఉదజని ముఖ్యములు. చల్లార్చి, వడగట్టి, ఇంజనులోనికి పంపినచో కరెంటు పుట్టించును.

ఇది క్రొత్త విద్య కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున (1939–1945) పెట్రోలునకు కరవు రాగా, మన రోడ్లమీద బొగ్గుబస్సులు నడచినవి. వెనుక పీపా, దానికి చేతితో త్రిప్పెడి గాలిమర యుండెడివి. ఎత్తు వచ్చినచోట బస్సునకు బలము చాలక ప్రయాణికులు దిగి నడచెడివారని పెద్దలు చెప్పుదురు. ఐరోపాలోను లక్షల బండ్లు ఇట్లే నడచినవి. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే లోకము దీనిని మరచినది.

మన పొరుగున కర్ణాటకమందు, తుమకూరు జిల్లాలోని హోసహళ్ళి యను చిన్న గ్రామమున, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సువారు 1988లో 3.7 కిలోవాట్ల యంత్రమును నిలిపిరి. తరువాత దానిని 20 కిలోవాట్లకు పెంచిరి. డీజిలు ఇంజనునకు కట్టెవాయువును జోడించి ఇండ్లకు దీపములు, త్రాగునీరు, పిండిమర సమకూర్చిరి. మనము ముఖ్యముగా గమనింపవలసినది, కట్టెకొరకు వారు చెట్లను కూడ నాటిరి.

ఇక జమాఖర్చు చూతము. ఒక యూనిటు కరెంటునకు సుమారు కిలోన్నర ఎండు కట్టె కావలెను. దినమునకొక యూనిటు వాడు ఇంటికి సంవత్సరమునకు అయిదున్నర క్వింటాళ్ళు. నూరిండ్లకు అయిదువందల యేబది క్వింటాళ్ళు. అనంతపురము సీమలో ఏటి వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇచ్చట చెట్టు పెరుగుట కష్టము, నరుకుట సులభము. వేపను చింతను ఈ పీపాకు అర్పించినచో అగ్ని ఆశ్రయాశుడను పేరు సార్థకము చేసికొనును. నరికినను మరల చిగుర్చు సర్కారుతుమ్మ కంప మనకు కొదువలేదు, దానిని వాడవచ్చును. వేరుసెనగ పొట్టును విడిగా పోసిన సరిగా జారదు. దిమ్మెలుగా ఒత్తి వేయవలెను. పశువుల మేతయైన వేరుసెనగ కట్టెను మాత్రము ముట్టరాదు.

ఇంకొక ఖర్చు కలదు. వాయువుతోపాటు వచ్చు జిగట తారును శుభ్రము చేయనిచో ఇంజను పట్టివేయును. కావున కరెంటు తీగ వచ్చిన ఊరిలో ఇంటింట ఇట్టి యంత్రము నిలుపుట లాభము గాదు. ఇంటికి తగినది కట్టెవాయువు పొయ్యి. ఒక డబ్బాలో మరియొక డబ్బా. లోపలిదానికి అడుగున కొన్ని రంధ్రములు, పైయంచున కొన్ని. చిన్న ముక్కలు నింపి పైనుండి అంటింపవలెను. పొగ పైకి వచ్చి, పైరంధ్రముల గాలి తగిలి మండిపోవును. చివర బొగ్గు మిగులును. మన తెలుగువారిలో హైదరాబాదువాసి శ్రీ ఎన్. సాయిభాస్కర్ రెడ్డిగారు ఇట్టి పొయ్యిలను పెక్కు విధముల రూపొందించి, మిగిలిన బొగ్గు నేలకు మేలుచేయునని చెప్పుచు వచ్చిరి. నడుమ కట్టె వేయుటకు వీలులేకపోవుట, ముక్కలు కొట్టి ఎండబెట్టుట దీనిలోని శ్రమ.

ఒక హెచ్చరిక చేయక ముగింపజాలను. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది మనుష్యుని నిద్రలోనే చంపును. పీపా యంత్రమును ఎన్నడును ఇంటిలో నిలుపరాదు. గోడలులేని పందిరిక్రింద దూరముగా నుంచవలెను. పొయ్యిని ఆరుబయటగాని, గాలి బాగుగా ఆడుచోటగాని వాడవలెను. నిప్పులున్న పొయ్యినిగాని కుంపటినిగాని గదిలో పెట్టి తలుపులు మూసి పండుకొనరాదు. తలనొప్పి, కన్ను తిరుగుట, వాంతి కలిగినచో వెంటనే ఆరుబయటికి వచ్చి వైద్యునివద్దకు పోవలెను.

నా ప్రార్థన ఒక్కటే. మన గ్రంథాలయము ఒక పొయ్యిని, ఒక తక్కెడను సంపాదించి, పుస్తకము నిచ్చినట్లే చందాదారులకు వారము దినములు ఇచ్చుగాక. పాత పొయ్యికి ఎంత కట్టె, దీనికి ఎంత కట్టె అయినదో తూచి యొక పుస్తకమున వ్రాయింపవలెను. వండిన తల్లులు తమ అభిప్రాయమును అందులో చెప్పవలెను. ఏడాది తిరుగునప్పటికి ఉరవకొండకు ఉరవకొండ లెక్కయే దొరకును. కట్టెను తూచి తీసికొన్న ప్రతి యిల్లు ఒక చెట్టు నాటినచో ఈ రజతోత్సవము సార్థకమగును.