సీడీలు అటకెక్కే ముందు

భీమవరంలో ఇప్పుడు చాలా ఇళ్లలో పాటంటే ఫోనే. ఘంటసాల భగవద్గీత అని అడిగితే చాలు, స్పీకరు వినిపిస్తుంది. సంతోషమే. కానీ చందా కట్టి వినే పాట మన సొంతం కాదు. 2024లో వింక్ మ్యూజిక్ యాప్ మూతపడింది కదా! పైగా మన పద్యనాటకాలు, హరికథలు అన్నీ యాప్‌లలో దొరకవు.

అందుకే ముందు మీ ఇంట్లో ఉన్న సీడీలను కంప్యూటర్లోకి ఎక్కించండి. ఎంపీత్రీగా కాదు, ఫ్లాక్ అనే ఫైలు రూపంలో. నాణ్యత ఏమాత్రం తగ్గదు, 700 ఎంబీ సీడీ సుమారు సగం జాగాలో ఇముడుతుంది. రెండు చోట్ల దాచండి. పైపూత దెబ్బతిన్న సీడీలో తేమ చేరితే అది అల్యూమినియం పొరను తినేస్తుంది, ఇక ఆ పాట తిరిగి రాదు. మనది తేమ ఎక్కువుండే డెల్టా గాలి. నాన్నగారి సీడీలను ఈ ఆదివారమే బయటికి తీయండి.