మన విందులును ఫలశర్కరయును
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



ప్రతివర్షమును ఈ సభయందు విద్యను గూర్చియు, విద్యార్థివసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ముచ్చటించుకొనుట మనకు వాడుక. ఈ యేడు దేహారోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము గోరిరి. మేము తీపిని గూర్చి చెప్పనెంచితిమి. విందుభోజనమునకు ముందు తీపిని నిందించుట మర్యాద గాదని యెఱుగుదుము. అయినను చెప్పక తప్పని కారణ మొకటి కలదు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందలి మన బంధువుల యిండ్లలో ఇటీవల నొక మాట తఱచుగా వినవచ్చుచున్నది. జన్మమున మద్యమును ముట్టనివారు మఱేదో నిమిత్తమున పరీక్ష చేయించుకొనగా, "కాలేయమున క్రొవ్వు చేరినది" అని వైద్యులు చెప్పుచున్నారు. వారింటికి వచ్చునప్పటికే "చాటున ద్రాగుచున్నాడు కాబోలు" నని ఇరుగుపొరుగువారు గుసగుసలాడుదురు. వ్యాధి యొక బాధ, నింద వేఱొక బాధ. ఆ నింద యెంత యన్యాయమో తెలియవలెనన్న, తీపి మన దేహమున నడచు త్రోవను దెలిసికొనవలయును.

పంచదార జంటపదార్థము. అందలి ప్రతి యణువునందును ద్రాక్షశర్కర యొకటి, ఫలశర్కర యొకటి కూడియుండును. వైద్యులు మొదటిదానిని గ్లూకోజనియు, రెండవదానిని ఫ్రక్టోజనియు నందురు. మనము తిను వరియన్నమునందలి పిండిగాని, జొన్నరొట్టెయందలి పిండిగాని జీర్ణమైన పిదప నిచ్చునది ద్రాక్షశర్కరయే. అది రక్తమున జేరి సర్వావయవములకును బోవును. ఇన్సులిను దానిని నడపును. కాలేయమునకు శక్తి చాలినంత యున్నపుడు అచట దాని నడకకు అడ్డుకట్ట పడును.

ఫలశర్కర నడక వేఱు. అది కొలదికొలదిగా వచ్చినచో చిన్నప్రేగే చాలభాగమును మార్చివేయునని 2018లో వెలువడిన యెలుకలపై పరిశోధన తెలిపినది. ఒక్కుమ్మడిగా వచ్చినచో మిగిలినది కాలేయముపై బడును. కె.సి. కాలువక్రింది రైతు తూమును మూసి నీటిని నిలుపగలడు. ఫలశర్కరకు కాలేయమున అట్టి మూత లేదు. వచ్చినది వచ్చినట్లు లోనికి బోవును. అక్కఱకు మించినది క్రొవ్వగును. అందు గొంత రక్తమున జేరును, గొంత కాలేయముననే నిలుచును.

ఇచ్చట మన తెలుగు శాస్త్రజ్ఞుని స్మరింపవలయును. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలయందు ఫిస్కెగారితో గూడి కండరములందలి ఏ.టి.పి. యను పదార్థమును గనుగొని 1929లో ప్రకటించిరి. అది జీవకణములకు చేతిసొమ్మువంటిది. ఫలశర్కరను గ్రహించుటకు కాలేయ మీ సొమ్మును వెచ్చింపవలెను. ఒకేమాఱు మిక్కిలిగా వచ్చినపుడు సొమ్ము తఱిగిపోవును. వెచ్చమైనదానిలో గొంత తుదకు యూరికామ్లమగును. ఆ యామ్లము హెచ్చినవారికి కాలి బొటనవ్రేలు వాచి నిప్పువలె మండు వాతరక్తము గలుగవచ్చును.

ఫలశర్కర రక్తపరీక్షలో వెంటనే చక్కెరను హెచ్చించి చూపదు. అందువలన నిది మధుమేహులకు హితమని యొకప్పుడు మెచ్చుకొనిరి. కాని కాలేయమున క్రొవ్వు పెరిగినకొలది ఇన్సులిను మాట చెల్లకపోవును. మధుమేహమునకు బాట యేర్పడును. 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధనమండలివారి లెక్క ననుసరించి మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడిరి. ఇందుకు ఫలశర్కర యొక్కటే కారణమని మేము చెప్పము. అతిభోజనము, కదలక కూర్చుండుట, వంశగుణము – ఇవియు గారణములే. మితాహారమున గొలదిగా జేరిన తీపి యంత కీడు చేయదు. కడుపునిండినపిదప చేరు తీపియే హెచ్చు హాని చేయును.

మఱి మహానంది యరటిపండును మానవలెనా? అక్కఱలేదు. ఒక పండున ఫలశర్కర సుమారు 6 గ్రాములే. పీచుతో గూడియుండుటచేత మెల్లగా దిగును; రెండు తినగానే చాలుననిపించును. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకునందు పంచదార సుమారు 30 గ్రాములు. అందు సగము ఫలశర్కర. అది రెండు నిమిషములలో గొంతు దిగును, ఆకలి తీఱదు. నల్లమల తేనెయు, బెల్లపు పానకమును పవిత్రములని కొందఱందురు. మేమును అహోబిలమున పానకమును కన్నులకద్దుకొని త్రాగువారమే. కాని తేనెలో మూడవవంతునకు మించి ఫలశర్కరయే. బెల్లమున నధికభాగము పంచదారయే. ప్రసాదము పుడిసెడు చాలును, చెంబెడు వలదు.

ప్రపంచారోగ్యసంస్థవారు 2015లో విధించిన మేర యిది: పైనుండి కలుపు తీపియు, తేనె, పండ్లరసములందలి తీపియు గలిసి ఆహారశక్తిలో పదవవంతు మించరాదు, అనగా సామాన్యులకు దినమునకు 50 గ్రాములు. అందు సగమైన మఱింత మేలు.

కావున సభవారికి మూడు విన్నపములు. మొదటిది, మన సంఘపు విందులలో కూల్‌డ్రింకులకు బదులు నీరుమజ్జిగ పోయింపుడు. భక్ష్యములు పెట్టిననాడు వేఱు తీపులు వలదు. రెండవది, వసతిగృహమున బాలురకు రసములకు మాఱుగా పండ్లనే యిండు. మూడవది, కాలేయవ్యాధి గలవారిని త్రాగుబోతులని యనుమానింపక వైద్యునొద్దకు దోడ్కొనిపొండు. తొలిదశలో ఆహారమును దిద్దుకొని, బరువు తగ్గించుకొని, దినదినము నడచినచో ఆ క్రొవ్వు తగ్గును.

పోషకులగు శ్రీమంతులకు ఒక మాట. విస్తరిలో తీపుల సంఖ్యను బట్టి గౌరవమును లెక్కించు వాడుకను మొదట విడువదగినవారు మీరే. మీరు విడిచిన లేనివారును అప్పుచేయక విడుతురు.

 భగవంతుడు మన కుటుంబములకు ఆయురారోగ్యముల నొసగుగాక.